టోల్కీన్ మీద పరిశోధన వ్యాసం పంపేవారికి: హక్కులు, నియమాలు, తరచూ అడిగే ప్రశ్నలు

జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1973 సెప్టెంబర్ 2న కన్నుమూశాడు. ‘ది హాబిట్’, ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ ఆయన బతికుండగానే వచ్చాయి. ఆయన వదిలిపోయిన కాగితాల గుట్టను కొడుకు క్రిస్టొఫర్ దశాబ్దాల పాటు పరిష్కరించి, పుస్తకం తర్వాత పుస్తకంగా అచ్చు వేయించాడు. ఈ రచనల మీద పనిగట్టుకుని నడిచే విద్వత్ పత్రికలు ఉన్నాయి. హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఇంగ్లిష్ సాహిత్యం చదివి, వాటికి ఒక వ్యాసం పంపాలనుకునే వారిని విషయం చేతిలో ఉన్నా భయం వెనక్కి లాగుతుంది. అనుమతి లేకుండా ఒక్క వాక్యం వాడినా హక్కులు చూసుకునే టోల్కీన్ వారసుల ఎస్టేట్ వాళ్లు కేసు వేస్తారేమో, పేరు పక్కన విశ్వవిద్యాలయం లేకపోతే చదవకుండానే తిప్పి పంపుతారేమో అనే భయం. ఇందులో కొంతదానికి చట్టంలో ఆధారం ఉంది, చాలాదానికి లేదు. ఆ తేడా తెలిసినవారు ధైర్యంగా రాస్తారు. అందుకే ఈ ప్రశ్నలు, జవాబులు.

ఏ పత్రికకు పంపాలి?

ముందు నాలుగు పేర్లు తెలియాలి. ‘టోల్కీన్ స్టడీస్’ 2004లో మొదలైన వార్షిక పత్రిక. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ ప్రెస్ ప్రచురణ. ‘మిథ్‌లోర్’ను 1969 నుంచి అమెరికాలోని మిథొపోయిక్ సొసైటీ తెస్తోంది. ‘మాలోర్న్’ బ్రిటన్‌లోని టోల్కీన్ సొసైటీ పత్రిక. ‘జర్నల్ ఆఫ్ టోల్కీన్ రీసెర్చ్’ 2014లో వాల్పరైజో విశ్వవిద్యాలయం నుంచి మొదలైంది. దాన్ని ఎవరైనా డబ్బు కట్టకుండా ఆన్‌లైన్‌లో చదవచ్చు.

రాతప్రతుల్లోని పాఠభేదాలు, ఆయన కల్పించిన భాషలు, పాత ఇంగ్లిష్ సాహిత్యంతో ఉన్న బంధాలు మీ విషయమైతే మొదట ‘టోల్కీన్ స్టడీస్’ను చూడండి. ఒక తెలుగు కావ్యాన్నో పురాణకథనో టోల్కీన్ పక్కన పెట్టి చూసే వ్యాసానికి ‘మిథ్‌లోర్’ తగిన చోటు అని నా అభిప్రాయం. ఆ పత్రిక సి.ఎస్. లూయిస్, చార్లెస్ విలియమ్స్‌లతో పాటు పురాణకల్పన ఉన్న సాహిత్యానికంతటికీ తలుపు తెరిచి ఉంచింది.

ఏ పత్రికైనా సరే, ఇటీవలి సంచికలు చదవకుండా పంపకండి. ‘టోల్కీన్ స్టడీస్’ విద్వత్ పత్రికల ఆన్‌లైన్ భాండాగారమైన ప్రాజెక్ట్ మ్యూజ్‌లో దొరుకుతుంది. 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకంలో ప్రాజెక్ట్ మ్యూజ్ ఉంది కాబట్టి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చదివేవారు ముందు తమ లైబ్రరీలో అడగాలి.

నాకు పీహెచ్‌డీ లేదు, ఉద్యోగం కూడా వేరే రంగంలో. నా వ్యాసం చూస్తారా?

చూస్తారు. ఈ రంగం కట్టుకున్నదే అలాంటివారి చేతుల మీద. ‘మిథ్‌లోర్’, ‘మాలోర్న్’ రెండూ పాఠకుల సంఘాల్లోంచి పుట్టిన పత్రికలు. టోల్కీన్ పరిశోధకులు రోజూ తిరగేసే ఆకర గ్రంథాలు కూర్చిన వేన్ హామండ్, క్రిస్టినా స్కల్ దంపతులు ఇద్దరూ గ్రంథాలయాల్లో పనిచేసినవారు. ‘టోల్కీన్ స్టడీస్’ను మొదలుపెట్టిన ముగ్గురు సంపాదకుల్లో ఒకడైన డగ్లస్ ఆండర్సన్ ఏ కాలేజీ కొలువూ లేని స్వతంత్ర పరిశోధకుడు. ‘ది హాబిట్’కు సవివరమైన వ్యాఖ్యతో 1988లో వచ్చిన ప్రతి ఆయనదే.

పేరు కింద ‘స్వతంత్ర పరిశోధకులు’ అని రాసుకోవడం చిన్నతనం కాదు. సమీక్ష కూడా సాధారణంగా పేర్లు దాచే జరుగుతుంది. కాబట్టి ఫైల్లో మీ పేరు, కాలేజీ పేరు, కృతజ్ఞతల పేరా, ‘నా పాత వ్యాసంలో చెప్పినట్టు’ వంటి మాటలు తీసేసి పంపాలి. ఫైల్ ప్రాపర్టీస్‌లో దాక్కున్న పేరును కూడా తుడిచేయాలి. చాలామంది మరిచిపోయేది అదే.

టోల్కీన్ వాక్యాలు ఎంతవరకు ఉటంకించవచ్చు? ఎస్టేట్ అనుమతి కావాలా?

అచ్చయిన పుస్తకంలోంచి, విమర్శ కోసం, అవసరమైనంత మేరకు ఉటంకించడానికి అనుమతి అక్కర్లేదు. ఇది ఎవరో దయతో వదిలేసిన వెసులుబాటు కాదు, చట్టం రాసి ఇచ్చిన హక్కు. మన 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 ఉంది. పరిశోధన కోసం, ఒక రచనను గానీ మరో రచనను గానీ విమర్శించడం, సమీక్షించడం కోసం న్యాయంగా వాడుకుంటే అది ఉల్లంఘన కాదని ఆ సెక్షన్ చెబుతుంది. బ్రిటన్‌లో 1988 చట్టంలోని సెక్షన్ 30 ఇదే పని చేస్తుంది. 2014లో దానికి ఉటంకింపు హక్కును విడిగా చేర్చారు. మూలం పేరు చెప్పాలి, ఉద్దేశించిన పనికి కావలసినదానికి మించకూడదు అనేవి అక్కడి షరతులు. అమెరికాలో సెక్షన్ 107 నాలుగు సంగతులు చూడమంటుంది. ఎందుకు వాడారు, ఏ రకం రచన, ఎంత భాగం, మూలరచన మార్కెట్‌కు ఏమైనా దెబ్బ తగిలిందా అని.

ఈ మూడు చట్టాల్లోనూ మాటల లెక్క లేదు. మూడు వందల మాటల వరకు ఫర్వాలేదు, పది శాతం దాకా వాడుకోవచ్చు అని కారిడార్లలో వినిపించే లెక్కలు చట్టం నుంచి వచ్చినవి కావు. కొన్ని ప్రచురణ సంస్థలు తమ సౌకర్యం కోసం పెట్టుకున్న హద్దులు నోటినోటా పాకి చట్టాల్లా చలామణి అవుతున్నాయి. పత్రిక తన నియమావళిలో అలాంటి హద్దు పెట్టుకుంటే దాన్ని పాటించాల్సిందే. అది ఆ పత్రికకూ మీకూ మధ్య ఒప్పందం, అంతవరకే.

నా కొలత ఇది. ఉటంకింపును వేలితో మూసి కింది పేరా చదవండి. కింది పేరా కుప్పకూలితే ఆ ఉటంకింపు అక్కడ పని చేస్తున్నట్టు. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో గాలడ్రియెల్ అనే పాత్ర మాటలోని ఒక క్రియాపదం గురించి మీరు పేరా నిండా వాదిస్తుంటే ఆ మాట అక్కడ ఉండి తీరాలి. మూసినా పేరా చెక్కుచెదరకపోతే ఆ ఉటంకింపు అందానికి పెట్టినది. చట్టం కాపాడేది మొదటి రకాన్ని. అధ్యాయం తలమీద వాదంతో పనిలేకుండా పెట్టే సూక్తి రెండో రకం. సంపాదకులు వాటిని తీసేయమన్నా, అనుమతి తెమ్మన్నా ఆశ్చర్యపోకండి.

పద్యాలు, పాటల సంగతి?

ఇక్కడ కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. వచనంలో నాలుగు పంక్తులంటే పుస్తకంలో అణువంత. ఎనిమిది పంక్తుల పాటలో నాలుగంటే సగం. ఎంత భాగం వాడారన్న ప్రశ్నకు జవాబు పద్యం దగ్గర ఒక్కసారిగా మారిపోతుంది. మీరు ఛందస్సు గురించే రాస్తున్నా, విశ్లేషించే పాదాలే ఉంచి మిగతాది మీ మాటల్లో చెప్పండి. చిన్న పద్యాన్ని పూర్తిగా వేయాల్సివస్తే ముందే సంపాదకులకు చెప్పి, అనుమతి ఎవరు అడగాలో తేల్చుకోండి. చాలా పత్రికల్లో ఆ భారం రచయితదే.

మార్కెట్ (Marquette) విశ్వవిద్యాలయంలో రాతప్రతులు చూశాను. వాటిలోంచి ఉటంకించవచ్చా?

అందరూ పొరబడే చోటు ఇదే, కాబట్టి నిదానంగా చెబుతాను. అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఉన్న మార్కెట్ విశ్వవిద్యాలయం 1957లో ‘ది హాబిట్’, ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాతప్రతులను టోల్కీన్ దగ్గర 1,500 పౌండ్లకు కొన్నది. ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ లైబ్రరీలో ‘ది సిల్మరిలియన్’కు చెందిన కాగితాలు, ఆయన అధ్యాపక జీవితపు పత్రాలు ఉన్నాయి. మార్కెట్ విశ్వవిద్యాలయం కొన్నది కాగితాన్ని, సిరాను. వాటి మీద ఉన్న మాటల మీద హక్కు అమ్ముడుపోలేదు, అది టోల్కీన్ వారసుల ఎస్టేట్ దగ్గరే ఉంది. అందువల్ల రాతప్రతి చూడటానికి లైబ్రరీ అనుమతి కావాలి, అందులోని అచ్చుకాని వాక్యాన్ని ప్రచురించడానికి ఎస్టేట్ అనుమతి కావాలి. రెండూ వేర్వేరు గడపలు.

విమర్శ హక్కు ఇక్కడ పనికిరాదా అని అడుగుతారు. బ్రిటన్ చట్టంలో విమర్శకూ ఉటంకింపుకూ ఇచ్చిన మినహాయింపు, ప్రజలకు అందుబాటులోకి వచ్చిన రచనలకే వర్తిస్తుంది. పెట్టెలో ఉన్న కాగితం అందులోకి రాదు. అమెరికాలో 1987 నాటి నవలాకారుడు శాలింజర్ కేసులో కోర్టు, అచ్చుకాని ఉత్తరాల విషయంలో రచయిత వైపే గట్టిగా నిలబడింది. దాంతో జీవితచరిత్రకారులు, పరిశోధకులు గొంతెత్తారు. 1992లో అక్కడి చట్టసభ సెక్షన్ 107కు ఒక వాక్యం చేర్చింది. అచ్చుకాలేదన్న ఒక్క కారణంతో న్యాయమైన వాడకాన్ని తోసిపుచ్చకూడదని దాని సారం. అయినా ఏ పత్రికా ఆ వాక్యం ఒక్కటే నమ్ముకుని అచ్చుకాని పాఠాన్ని వేయదు.

దారి ఉంది. క్రిస్టొఫర్ టోల్కీన్ 1983 నుంచి 1996 వరకు వేసిన పన్నెండు సంపుటాల ‘ది హిస్టరీ ఆఫ్ మిడిల్ ఎర్త్’లో ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’, ‘ది సిల్మరిలియన్’ రాతప్రతుల్లోని భాగాలు విస్తారంగా ఉన్నాయి. మీకు కావలసిన వాక్యం అక్కడ అచ్చయి ఉంటే అక్కడి నుంచే ఉటంకించండి. లేకపోతే ఆ ప్రతిలో ఏముందో మీ మాటల్లో చెప్పి, పెట్టె, ఫైలు సంఖ్యలు ఇవ్వండి. భావానికి, వాస్తవానికి కాపీరైట్ ఉండదు. నిజంగా ఆ వాక్యమే కావాలంటే ఎస్టేట్‌కు రాయండి. ఏ వాక్యం, ఎక్కడిది, దాని చుట్టూ మీ వాదమేమిటి, ఏ పత్రిక అన్నవి ఉత్తరంలో ఉండాలి. వ్యాసం ఆమోదం పొందాక అడుగుదామని కూర్చుంటే జవాబు కోసం సంచిక ఆగదు.

మిడిల్ ఎర్త్ పటం, సినిమా స్టిల్ వేయవచ్చా?

పటాలు, టోల్కీన్ గీసిన నీటిరంగుల బొమ్మలు విడివిడి కళాఖండాలు. ఒక బొమ్మను వేయడమంటే దాన్ని మొత్తంగా వేయడమే కాబట్టి పత్రికలు అనుమతి పత్రం అడుగుతాయి. ఆయన పటం చూసి మీరు మళ్లీ గీసినా హక్కు మీ చేతికి రాదు, అది ఆయన పటానికి అనుసరణే. దూరాలు, దిక్కుల గురించి వాదించేవారు పట్టికతో సరిపెట్టుకుంటే సగం తలనొప్పి పోతుంది.

సినిమా స్టిల్ యజమాని వేరే. టోల్కీన్ తన రెండు ప్రధాన నవలల సినిమా హక్కులను 1969లో యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కు అమ్మేశాడు. అవి 1976లో నిర్మాత సాల్ జేంట్జ్ చేతికి వెళ్లాయి, 2022లో స్వీడన్‌కు చెందిన ఎంబ్రేసర్ గ్రూప్ కొన్నది. పీటర్ జాక్సన్ తీసిన 2001-2003 చిత్రాల దృశ్యాల మీద హక్కు ఆ చిత్రాల నిర్మాణ సంస్థది. కాబట్టి స్టిల్ కోసం ఎస్టేట్‌కు రాసి లాభం లేదు.

ఈ పుస్తకాలు కాపీరైట్ నుంచి ఎప్పుడు బయటపడతాయి?

దేశాన్ని బట్టి. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు లెక్క. టోల్కీన్ బతికుండగా అచ్చయినవి 2033 చివరి వరకు రక్షణలో ఉంటాయి. పోల్చి చూడటానికి, 1976లో పోయిన విశ్వనాథ సత్యనారాయణ రచనలకు ఇదే లెక్కన 2036 చివరి వరకు. బ్రిటన్‌లో 70 ఏళ్లు, అంటే టోల్కీన్‌కు 2043 చివరి వరకు. అమెరికా లెక్క అచ్చయిన ఏడాది నుంచి. 1937 నాటి ‘ది హాబిట్’కు 95 ఏళ్లు 2032తో నిండుతాయి, 1954, 1955ల్లో వచ్చిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 2050 దాకా బయటికి రాదు, చివరి సంపుటం మరో ఏడాది ఆగాలి.

మరణానంతరం వచ్చినవాటికి మన చట్టంలో సెక్షన్ 24 వేరే లెక్క చెబుతుంది. అక్కడ 60 ఏళ్లు మొదటి ప్రచురణ నుంచి. 1977లో వచ్చిన ‘ది సిల్మరిలియన్’ అందుకే ఆయన పాత పుస్తకాలకంటే ఆలస్యంగా బయటపడుతుంది. విమర్శ రాసేవారు ఈ తేదీల కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. మొత్తం పుస్తకాన్ని అనువదించాలనుకునేవారికి, మళ్లీ అచ్చు వేయాలనుకునేవారికి ఇవి ప్రాణం.

తెలుగు కావ్యంతో పోల్చి రాస్తున్నాను. అక్కడ హక్కులేమిటి?

ఇలాంటి వ్యాసాలు ఇంకా రావాలని నా కోరిక. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూమ్మీద నిజంగా జరిగిపోతుంది. టోల్కీన్ సృష్టికథలో పాడిన పాట లోకమవుతుంది. 16వ శతాబ్దపు తెలుగు కవీ 20వ శతాబ్దపు ఆక్స్‌ఫర్డ్ పండితుడూ ఒకే ప్రశ్న దగ్గర నిలబడ్డారు. కల్పనకు లోకాన్ని పుట్టించే శక్తి ఎక్కడిది? 1939లో సెయింట్ ఆండ్రూస్‌లో చేసిన ప్రసంగంలో టోల్కీన్ తన జవాబు చెప్పుకున్నాడు. సూరన జవాబు ఇంగ్లిష్ పత్రికల్లోకి వెళ్లాల్సిన అవసరం ఎంతో ఉంది.

హక్కుల విషయానికొస్తే సూరన పద్యం అందరిదీ. ఎంతైనా ఉటంకించండి. కానీ వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్ 2002లో కొలంబియా యూనివర్సిటీ ప్రెస్ ద్వారా తెచ్చిన ఇంగ్లిష్ అనువాదం కొత్త రచన, దానికి కాపీరైట్ ఉంది. దాన్ని కూడా విమర్శ హద్దుల్లోనే ఉటంకించాలి, పేర్లు చెప్పాలి. ఆధునిక పరిష్కర్త రాసిన పీఠిక, వ్యాఖ్య కూడా ఇదే కోవ.

వీలైతే మీ అనువాదం మీరే చేయండి. రోమన్ లిపిలో మూలపాఠం, కింద మీ ఇంగ్లిష్, ఫుట్‌నోట్‌లో పద్యసంఖ్య, ఏ ముద్రణో. సమీక్షకులకు తెలుగు రాకపోవచ్చు, కానీ మీ ఆధారం వారి కళ్లముందు ఉంటుంది. ఇంకొకరి అనువాదం దగ్గర పెట్టుకుని నాలుగు మాటలు మార్చి ‘అనువాదం నాది’ అని రాయడం మాత్రం దొంగతనం.

ఏ ఎడిషన్ వాడాలి?

పత్రిక చెప్పినది. చెప్పకపోతే ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’కు 2004లో వచ్చిన యాభయ్యేళ్ల ఎడిషన్ గానీ దాని తర్వాత సవరించినవి గానీ వాడండి. ఇది లాంఛనం అనుకోకండి. ‘ది హాబిట్’లో గొల్లమ్‌తో పొడుపుకథల అధ్యాయాన్ని టోల్కీన్ 1951 ముద్రణలో తిరగరాశాడు. 1937 పాఠం వాడిన విమర్శకుడూ ఈనాటి పాఠం వాడిన విమర్శకుడూ మాట్లాడేది ఒకే గొల్లమ్ గురించి కాదు.

‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రెండో ఎడిషన్ వెనుక అయితే హక్కుల గొడవే ఉంది. 1965లో ఏస్ బుక్స్ అనే అమెరికా సంస్థ, ఆ దేశంలో ఈ నవలకు కాపీరైట్ లేదంటూ అనుమతి లేకుండా పేపర్‌బ్యాక్ వేసింది. టోల్కీన్ పాఠాన్ని సవరించి బాలంటైన్ ద్వారా అధికారిక ముద్రణ తెచ్చాడు, పాఠకులు ఆయన పక్షాన నిలబడ్డారు, చివరికి ఏస్ రాయల్టీ కట్టి తన ముద్రణ ఆపేసింది. అమెరికాలో ఆ కాపీరైట్ చెల్లుతుందని కోర్టు 1992లో తేల్చింది. మనం ఈరోజు చదివే పాఠం ఆ తగాదాలోంచి వచ్చింది.

ముద్రణలు ఇన్ని ఉన్నాయి కాబట్టి పేజీ నంబరు ఒక్కటే ఇస్తే పాఠకుడికి దొరకదు. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో ఆరు భాగాలున్నాయి కాబట్టి భాగం, అధ్యాయం, పేజీ మూడూ ఇవ్వండి. అంతర్జాలంలో టోల్కీన్ పేరు మీద తిరిగే వాక్యాల్లో కొన్ని సినిమా సంభాషణలు. పుస్తకం తెరిచి చూడనిదే ఏ వాక్యాన్నీ ఆయనకు కట్టబెట్టకండి.

అచ్చయ్యాక వ్యాసం ఎవరిది?

మీరు సంతకం పెట్టే కాగితాన్ని బట్టి. రెండు రకాలుంటాయి. ఒకదాంట్లో కాపీరైట్ మొత్తం ప్రచురణకర్తకు రాసిస్తారు. రెండోదాంట్లో కాపీరైట్ మీ దగ్గరే ఉంచుకుని ప్రచురించే లైసెన్స్ ఇస్తారు. మన చట్టంలో సెక్షన్ 19 ప్రకారం బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. గడువు రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం చేసుకుంటారు. విదేశీ పత్రిక ఒప్పందంలో ఏ దేశపు చట్టం వర్తిస్తుందో సాధారణంగా రాసి ఉంటుంది, ఆ వాక్యం వెతికి చదవండి.

సంతకానికి ముందు మూడు సంగతులు రాతలో అడగమంటాను. మీ వ్యాసాన్ని తర్వాత మీ పుస్తకంలో చేర్చుకునే హక్కు. మీ విశ్వవిద్యాలయ రిపాజిటరీలో పెట్టుకునే హక్కు. తెలుగులోకి మీరే అనువదించి ప్రచురించుకునే హక్కు. మూడోదాన్ని మనవాళ్లు అడగరు. అనువాద హక్కు కాపీరైట్‌లో భాగం కాబట్టి, అంతా రాసిచ్చేస్తే మీ ఆలోచనను మీ భాషలో మీ వాక్యాలతో చెప్పుకోవడానికి ఇంకొకరి అనుమతి కావలసి వస్తుంది. ఒక్క ఈమెయిల్‌తో తేలే విషయమిది.

మన చట్టంలోని సెక్షన్ 57 కింద రచయితగా మీ పేరు ఉండాలనే హక్కు, మీ ప్రతిష్ఠకు భంగం కలిగేలా వ్యాసాన్ని వికృతం చేయకుండా ఆపే హక్కు కాపీరైట్ రాసిచ్చాక కూడా మీవే. అమెరికా చట్టంలో సాహిత్య రచనలకు అలాంటి ఏర్పాటు లేదు. అందుకే ప్రూఫులు వచ్చినప్పుడు మాట మాటా చూడాలి, మరీ ముఖ్యంగా తెలుగు పేర్లను.

నా సిద్ధాంతగ్రంథం శోధ్‌గంగలో ఉంది. అందులోని అధ్యాయం పంపవచ్చా?

పంపవచ్చు, దాచకండి. వ్యాసంతో పంపే ఉత్తరంలో ఇది ఫలానా ఏడాది ఫలానా విశ్వవిద్యాలయానికి సమర్పించిన గ్రంథంలోని అధ్యాయానికి మార్పులు చేసిన రూపమని చెప్పండి. సరిపోలిక సాఫ్ట్‌వేర్ ఎలాగూ పట్టుకుంటుంది. చెప్పి పంపితే అది సమాచారం, చెప్పకుండా పట్టుబడితే అనుమానం. పైగా సిద్ధాంతగ్రంథపు అధ్యాయం పత్రికా వ్యాసం కాదు. ముందు పరిశోధనల సమీక్షను నాలుగింట మూడొంతులు కోసి, వాదాన్ని మొదటి పేజీకి తేవాలి.

సరిపోలిక శాతం గురించి కూడా ఒక మాట. యూజీసీ 2018 నియమాలు పది శాతం లోపు పోలికకు శిక్ష లేదన్నాయి. మూలం చెప్పి చేసిన ఉటంకింపును లెక్కలోంచి తీసేయమనీ అన్నాయి. దాన్ని చూసి పది శాతం వరకు ఎత్తిరాయవచ్చని అర్థం చేసుకోకండి. మూలం చెప్పని ఒక్క పేరా చాలు సంపాదకుడు వ్యాసం వెనక్కి పంపడానికి.

ఫీజు కట్టాలా?

సాహిత్య విమర్శలో మంచి పత్రిక మీరు పంపిన వ్యాసాన్ని పరిశీలించడానికి డబ్బు అడగదు. మూడు రోజుల్లో ఆమోదం, ఫలానా ఖాతాలో ఇన్ని వేలు అని మెయిల్ వస్తే అది పత్రిక కాదు, దుకాణం. యూజీసీ తాను గుర్తించిన పత్రికల కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో రద్దు చేసింది కాబట్టి జాబితాలో ఉందా లేదా అని చూసుకునే వీలు ఇక లేదు. మంచిచెడ్డలు మీరే చూడాలి. సంపాదకవర్గంలోని వారు నిజంగా ఈ రంగంలో రాసినవారేనా, పాత సంచికల్లో వ్యాసాలు చదవదగ్గవేనా?

ఒకేసారి రెండు పత్రికలకు పంపవచ్చా?

వద్దు. సమీక్షకులు జీతం లేకుండా తమ సెలవు దినాలు ఖర్చుపెట్టి చదువుతారు, ఆ శ్రమను వృథా చేయకూడదు.

ఏఐ సాయం తీసుకోవచ్చా?

ఏఐని రచయితగా పేర్కొనకూడదని ప్రచురణ నీతి కమిటీ కోప్ 2023లో స్పష్టంగా చెప్పింది. రాతకు బాధ్యత తీసుకోలేనిది రచయిత కాలేదు. ఇంగ్లిష్ వాక్యం సరిచేసుకోవడానికి వాడితే ఆ సంగతి చెప్పమని కొన్ని పత్రికలు అడుగుతాయి, అడిగితే చెప్పండి. ఈ రంగంలో అసలు ప్రమాదం మరోటి. టోల్కీన్ ఉత్తరాలకు సంఖ్యలున్నాయి, ‘ది హిస్టరీ ఆఫ్ మిడిల్ ఎర్త్’ పన్నెండు సంపుటాలకు పేజీలున్నాయి. యంత్రం లేని ఉత్తరాన్ని, లేని పేజీని కూడా ఎంతో నమ్మకంగా చెబుతుంది. టోల్కీన్ పత్రికల సమీక్షకులు ఆ పుస్తకాలను ఏళ్ల తరబడి చదివినవారు. ఒక్క తప్పుడు పేజీ దొరికితే మిగతా వ్యాసాన్ని నమ్మరు.

మిడిల్ ఎర్త్‌లో జరిగే నా కథను పంపవచ్చా?

విద్వత్ పత్రిక దానికి చోటు కాదు. ప్రచురించి అమ్ముకోవడం ఇంకా ప్రమాదం. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’కు కొనసాగింపు రాసి అమ్మిన ఒక అమెరికన్, తిరిగి ఎస్టేట్ మీదే దావా వేస్తే, 2023లో అక్కడి కోర్టు అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చి ప్రతులన్నీ ధ్వంసం చేయమంది. విమర్శకు చట్టం ఇచ్చిన రక్షణ పాత్రలను తీసుకుని కొత్త కథ నడపడానికి అందదు.

జవాబు రాలేదు, లేదా తిరస్కరించారు. ఇప్పుడేం చేయాలి?

సమీక్షకు నెలలు పడుతుంది. నాలుగైదు నెలలు దాటితే సంపాదకులకు మర్యాదగా ఒక మెయిల్ రాయడం మీ హక్కు, ఎవరూ నొచ్చుకోరు. వేరేచోటికి పంపాలనుకుంటే ముందు ఉపసంహరించుకుంటున్నామని రాసి, అందినట్టు జవాబు వచ్చాకే పంపండి.

సవరించి మళ్లీ పంపమంటే అది తిరస్కరణ కాదు. సమీక్షకుడి ప్రతి వ్యాఖ్యకూ కింద మీరు ఏం మార్చారో, ఏది ఎందుకు మార్చలేదో రాసి జతచేయండి. వారితో విభేదించడానికి మీకు పూర్తి హక్కు ఉంది. ఆధారం చూపిస్తే చాలు. సూరన గురించి మీకు తెలిసినంత వారికి తెలియకపోతే ఓపికగా వివరించండి. ఆ వివరణ వ్యాసంలోకి కూడా వెళ్లాలి, ఎందుకంటే రేపు పాఠకుడికీ అదే సందేహం వస్తుంది. సమీక్ష నివేదిక మాత్రం మీది కాదు. అది రాసినవారి రచన, మిమ్మల్ని నమ్మి పంపినది. దాన్ని ఫేస్‌బుక్‌లో యథాతథంగా పెట్టకండి. పూర్తిగా తిరస్కరించినా ఆ వ్యాఖ్యలతో వ్యాసాన్ని దిద్దుకుని, తర్వాతి పత్రిక శైలిలోకి ఫుట్‌నోట్లు మార్చి పంపవచ్చు. ఫుట్‌నోట్లు మార్చడానికి ఒక రోజంతా పడుతుంది, ఆ రోజును ముందే పక్కన పెట్టుకోండి.